కొత్త కేబుల్ కొనే ముందు మోత ఎటు నుంచి వస్తోందో కనుక్కోండి

మీరు రాసినది నాకు అర్థమైనంతలో ఇది. మీ తాతగారు హరికథా భాగవతులు. ఆయన చెప్పిన కథలు ఎనభై కేసెట్లలో ఉన్నాయి. వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించాలని హాల్లో ఉన్న కేసెట్ డెక్ నుంచి పక్క గదిలోని, శబ్దాల హెచ్చుతగ్గులు సరిచేసే మిక్సర్‌కు పది మీటర్ల తీగ లాగారు. మిక్సర్ హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి లాప్‌టాప్‌కు ఈపీ పిన్ను (ఇయర్‌ఫోన్‌కు ఉండే సన్నని పిన్ను) కేబుల్ పెట్టారు. రికార్డు చేస్తే కథ వెనక ‘గుం’ అని ఎడతెగని మోత వస్తోంది. దుకాణంవారు చెప్పిన బంగారు పూత కేబుళ్లు కొన్నా తగ్గలేదు. ఎర్తు పిన్ను తీసేస్తే పోతుందని ఎవరో చెప్పారు. ఇంతకీ ఏ కేబుల్ కొనాలి అని మీ ప్రశ్న.

ముందు ఆ ఎర్తు సంగతి తేల్చుకుందాం. త్రీ పిన్ ప్లగ్గులో ఎర్తు పిన్నును ఎట్టి పరిస్థితిలోనూ తీయకండి, కోయకండి, టూ పిన్ అడాప్టర్ పెట్టి తప్పించకండి. తీస్తే మోత పోవచ్చు. అందుకే ఈ సలహా ఇన్నేళ్లుగా చేతులు మారుతూ బతికి ఉంది. కానీ ఆ పిన్ను ఉన్నది శబ్దం కోసం కాదు. లోపల ఫేజు తీగ ఊడి ఇనుప పెట్టెకు తగిలితే ఆ కరెంటు ఎర్తులోకి పోయి ఫ్యూజు ఎగిరిపోవడం కోసం. ఎర్తు లేకపోతే 230 వోల్టులు పెట్టె మీదే నిలబడి ఉంటాయి. అక్కడి నుంచి ఆడియో తీగ షీల్డు (లోపలి తీగ చుట్టూ ఉండే లోహపు అల్లిక) మీదుగా అవతలి పరికరానికి, మైకు ఇనుప ఒంటికి చేరతాయి. ఒక వినాయక చవితి పందిరిలో, వాన పడ్డ రాత్రి, భజన పాడుతున్న మనిషి పెదవి మైకుకు తగలగానే వెనక్కి విరుచుకుపడటం నా కళ్లతో చూశాను. అదృష్టం, బతికాడు. యాంప్లిఫయర్ ప్లగ్గు లాగి చూస్తే ఎర్తు పిన్ను కోసేసి ఉంది. ముప్పై ఏళ్లుగా మైకు సెట్లకు, రికార్డింగు గదులకు వైరింగు చేస్తున్నాను. ఆ రాత్రి తర్వాత ఎక్కడికి వెళ్లినా తీగలు విప్పే ముందు ప్లగ్గులు చూస్తాను. మోతను తెంచవలసింది సిగ్నలు నడిచే దారిలో. కరెంటు దారిలో కాదు. ఇక చెప్పబోయేదంతా ఈ ఒక్క మాట చుట్టూనే ఉంటుంది.

ఇప్పుడు వినండి. మంచి హెడ్‌ఫోన్ పెట్టుకుని, కేసెట్ ఆపేసి, డెక్ స్విచ్చి మాత్రం వేసి ఉంచి వినండి. మోత అలాగే ఉంటే అది మీ తీగల్లో ఉంది. కేసెట్ ఆగగానే మోత కూడా ఆగిపోతే అది టేపు మీదే అచ్చయి ఉంది. ఆ రోజు గుడి దగ్గర రికార్డు చేసిన మైకు సెట్టులోనే మోత ఉండేదన్నమాట. అప్పుడు లక్ష రూపాయల కేబుల్ తెచ్చినా అది పోదు. కంప్యూటర్‌లోకి వచ్చాక సాఫ్ట్‌వేర్‌తో తగ్గించుకోవడమే మార్గం. చాలామంది ఈ చిన్న పరీక్ష చేయకుండానే దుకాణానికి వెళ్తారు.

మోత తీగల్లోనే ఉందని తేలితే, అది ఎలాంటిదో గమనించండి. బరువుగా ‘గుం’ అని ఉంటే అది కరెంటు మోత. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్. ఆ 50, దాని రెట్టింపు 100, ఆ పైన మరికొన్ని రెట్లు కలిసి వినబడతాయి. శ్రుతి భాషలో చెప్పాలంటే అయిదు శ్రుతి మంద్ర షడ్జం 98 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. ఈ మోత దానికి కాస్త పైన, ఏ శ్రుతికీ చెందని చోట నిలబడుతుంది. మీ తాతగారు ఏ శ్రుతిలో పాడినా దాని కింద శ్రుతి తప్పిన తంబురా ఒకటి మోగుతూనే ఉంటుంది. మీకు అంత చిరాకు కలగడంలో ఆశ్చర్యం లేదు. అలా కాకుండా ‘జ్ర్‌ర్’ అని పదునుగా గీసినట్టు ఉంటే ఫ్యాన్ రెగ్యులేటర్, చవక ఎల్‌ఈడీ బల్బు, ఛార్జర్ వంటివి కారణం కావచ్చు. ఒక్కొక్కటే ఆపి చూస్తే దొరికిపోతుంది. ‘స్స్’ అనే సన్నని ఊపిరి అయితే అది మోత కాదు. అది టేపు స్వభావం, లేదా ఎక్కడో సిగ్నలును తక్కువగా పంపి తర్వాత ఎక్కువగా పెంచడం వల్ల వచ్చేది. తీగ కదిపినప్పుడల్లా ‘కరకర’ వస్తే పిన్నులో టంకం వదిలింది.

మీది మొదటి రకం అని మీ వర్ణనను బట్టి అనుకుంటున్నాను. అయితే ఈ పని చేయండి. లాప్‌టాప్ ఛార్జర్ లాగేసి, బ్యాటరీ మీద నడుపుతూ వినండి. మోత టక్కున ఆగిపోతుందని నా అంచనా. మిక్సర్‌ది త్రీ పిన్ను, లాప్‌టాప్ ఛార్జర్‌ది త్రీ పిన్ను, రెండూ వేర్వేరు గోడ సాకెట్లలో ఉన్నాయి అన్నారు. అంటే మిక్సర్ తన ఎర్తు తీగతో భూమికి కలిసి ఉంది, లాప్‌టాప్ తన ఎర్తు తీగతో కలిసి ఉంది, రెండింటి మధ్య మీ ఆడియో కేబుల్ షీల్డు వంతెనలా కూర్చుంది. ఒక పెద్ద వలయం పూర్తయింది. దీన్నే గ్రౌండ్ లూప్ అంటారు. రెండు సాకెట్ల ఎర్తు వోల్టేజి మట్టాల్లో రవంత తేడా ఉన్నా, పక్కన కరెంటు తీగల అయస్కాంత క్షేత్రం ఆ వలయంలోంచి పోయినా, అందులో చిన్న కరెంటు పారుతుంది. ఛార్జర్ల లోపలి ఫిల్టర్ల నుంచి కారే కరెంటు కూడా ఆ షీల్డు మీదుగానే పోతుంది.

ఆ చిన్న కరెంటు ఏం చేస్తుందో లెక్క వేసి చూపిస్తాను, ఎందుకంటే ఇది అర్థమైతే మిగతాదంతా దానంతటదే తెలుస్తుంది. సన్నటి షీల్డు ఉన్న కేబుల్‌కు, దాని పిన్నులతో కలిపి, ఒక ఓము నిరోధం ఉందనుకుందాం. దానిలో 0.3 మిల్లీయాంపు కరెంటు పారితే దాని రెండు కొసల మధ్య 0.3 మిల్లీవోల్టు పుడుతుంది. ఆర్‌సీఏ (డెక్ వెనక ఉండే ఎరుపు, తెలుపు) పిన్నుల కేబుల్‌లో సిగ్నలు వెళ్లే తీగ ఒకటే, తిరిగి వచ్చే దారి ఆ షీల్డే. కనుక షీల్డు మీద పుట్టిన ప్రతి మిల్లీవోల్టూ పాటలో కలిసిపోతుంది. డెక్ ఇచ్చే సిగ్నలు సుమారు 0.3 వోల్టు. అంటే మోత పాటలో వెయ్యో వంతు, 60 డెసిబెళ్లు కింద. కథ గట్టిగా సాగుతున్నప్పుడు తెలియదు. భాగవతులు వచనంలో ఒక్క క్షణం ఆగినప్పుడు బయటపడుతుంది. కరెంటు పది రెట్లు పెరిగితే కథ నడుస్తున్నప్పుడు కూడా వినిపిస్తుంది. బంగారు పూత వల్ల ఈ లెక్కలో మారేది ఏమీ లేదు. మందపాటి షీల్డు వల్ల నిరోధం తగ్గి కొంత మేలు ఉంటుంది గానీ వలయం తెగదు.

బ్యాటరీ మీద మోత పోయిందా? అయితే మీ సమస్యకు ఖర్చు లేని పరిష్కారం దొరికినట్టే. కేసెట్ ఒక్కో వైపు 30 నిమిషాలో 45 నిమిషాలో ఉంటుంది. ఒక వైపు బ్యాటరీ మీద రికార్డు చేసి, కేసెట్ తిప్పే ముందు ఛార్జర్ పెట్టుకోండి.

పోకపోతే ఇంకో చోట వెతకాలి. డెక్ ఇంకా హాల్లోని హోమ్ థియేటర్‌కు కూడా తగిలించి ఉందా? ఆ హోమ్ థియేటర్ టీవీకి, టీవీ సెట్‌టాప్ బాక్సుకు, అది మేడ మీది డిష్ కేబుల్‌కు కలిసి ఉంటే, ఆ కేబుల్ షీల్డు మీదుగా ఇంకొక ఎర్తు మీ ఆడియోలోకి దిగుతుంది. నేను చూసిన ఇళ్లలో ఎక్కువ మోతలు ఈ దారినే వచ్చాయి. డెక్‌ను మిగతా అన్నిటి నుంచీ విడదీయండి. తర్వాత చివరి పరికరం నుంచి వెనక్కి నడవండి. లాప్‌టాప్ దగ్గర కేబుల్ లాగితే మోత ఆగిందా? ఆగితే అది దానికి ముందు నుంచి వస్తోంది. కేబుల్ మళ్లీ పెట్టి, మిక్సర్ దగ్గర డెక్ తీగలు లాగండి. ఇలా ఒక్కొక్క అడుగు. ఒకేసారి రెండు తీగలు మార్చకండి, ఏది పనిచేసిందో తెలియకుండా పోతుంది. డెక్, మిక్సర్, లాప్‌టాప్ మూడింటికీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు నుంచి కరెంటు ఇవ్వండి. ఎర్తు మట్టాల తేడా దానితోనే చాలావరకు తగ్గుతుంది. ఆ బోర్డుకు నిజంగా ఎర్తు వస్తోందో లేదో మాత్రం ఎలక్ట్రీషియన్ చేత చూపించండి. పాత ఇళ్లలో మూడో రంధ్రం ఉంటుంది, దాని వెనక తీగ ఉండదు. ఉప్పు, బొగ్గు వేసి తవ్విన ఎర్తు గుంటలు కూడా ఎండాకాలంలో నీళ్లు పోయకపోతే పనికిరాకుండా పోతాయి.

ఇక మీ అమరిక గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఆ మిక్సర్ మీకు అవసరం లేదు. కేసెట్‌లో ఉన్నది ఉన్నట్టుగా కంప్యూటర్‌లోకి చేర్చడమే పని. మధ్యలో పెట్టిన ప్రతి పెట్టె తన మోతను, తన ‘స్స్’ను కలుపుతుంది. డెక్‌ను లాప్‌టాప్ పక్కకు తెచ్చి, లైన్ ఇన్‌పుట్ (డెక్ వంటివాటి సిగ్నలు తీసుకునే సాకెట్) ఉన్న, శబ్దాన్ని కంప్యూటర్‌కు అందించే చిన్న యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్‌కు మీటరున్నర ఆర్‌సీఏ కేబుల్‌తో కలపండి. కొత్తగా డబ్బు పెట్టాలంటే దాని మీద పెట్టండి, కేబుల్ మీద కాదు. ఎందుకంటే లాప్‌టాప్‌లో ఇప్పుడు ఉండే ఒక్క రంధ్రం హెడ్‌సెట్ కోసం చేసినది. అందులో లోపలికి వెళ్లే దారి మైకుదే, అదీ మోనో, అంటే ఎడమ, కుడి అని విడి దారులు లేనిది. మైకు ఇచ్చేది కొన్ని మిల్లీవోల్టులు, మీరు పంపుతున్నది దానికి వంద రెట్లు. అది భరించలేక శబ్దం చీలిపోతుంది. మీరు దాన్ని తప్పించడానికి మిక్సర్ హెడ్‌ఫోన్ మీటను దాదాపు సున్నా దగ్గర పెట్టి ఉంటారు. అంటే సిగ్నలును బాగా తగ్గించి మళ్లీ లాప్‌టాప్‌లో పెంచుతున్నారు. మోత కూడా దానితో పాటే పెరుగుతోంది.

తర్వాత ఎప్పుడైనా మిక్సర్ వాడవలసి వస్తే, పది మీటర్ల ఆర్‌సీఏ తీగ మాత్రం వద్దు. ఇక్కడ బ్యాలెన్స్‌డ్ లైను ఏం చేస్తుందో చెప్పాలి, నాకు ఈ విద్యలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే. ఒక షీల్డు లోపల రెండు తీగలు ఒకదానికొకటి పెనవేసుకుని నడుస్తాయి. పాట ఒకదానిలో ఉన్నట్టుగా, రెండోదానిలో తలకిందులుగా వెళ్తుంది. బయటి మోత రెండింటి మీదా సమానంగా పడుతుంది. అవతలి పరికరం ఆ రెండింటి మధ్య తేడాను మాత్రమే తీసుకుంటుంది. సమానంగా ఉన్నది కొట్టుకుపోతుంది, పాట మిగులుతుంది. షీల్డు మీద కరెంటు పారినా పాటకు తగలదు. జంట తీగలను పెనవేయడం 1881లో అలెగ్జాండర్ గ్రాహం బెల్ టెలిఫోన్ లైన్ల కోసం పేటెంటు తీసుకున్న పద్ధతి. ఇవాళ కచేరీలో మైకు నుంచి మిక్సర్ దాకా వంద మీటర్ల తీగ నిశ్శబ్దంగా ఉంటోందంటే దాని చలవే. మనవాళ్లు కానన్ అని పిలిచే మూడు పిన్నుల కనెక్టర్‌లో ఒకటో పిన్ను షీల్డు, రెండోది సిగ్నలు, మూడోది దాని ఎదురు సిగ్నలు. మూడు భాగాలున్న లావు జాక్‌లో కొన సిగ్నలు, మధ్య ఉంగరం ఎదురు సిగ్నలు, మొదలు షీల్డు.

మీ డెక్‌లో బ్యాలెన్స్‌డ్ అవుట్‌పుట్ లేదు, ఆర్‌సీఏ మాత్రమే ఉంది. అయినా మిక్సర్ వైపు బ్యాలెన్స్‌డ్ లైన్ ఇన్‌పుట్ ఉంటే సగం లాభం దక్కించుకోవచ్చు. రెండు తీగలు, షీల్డు ఉన్న మైకు కేబుల్ తీసుకోండి. డెక్ వైపు ఒక తీగను ఆర్‌సీఏ నడిమి పిన్నుకు, రెండో తీగనూ షీల్డునూ కలిపి దాని చుట్టు రింగుకు టంకం పెట్టండి. మిక్సర్ వైపు మొదటి తీగ జాక్ కొనకు, రెండో తీగ ఉంగరానికి, షీల్డు మాత్రం విడిగా మొదలుకు. ఇప్పుడు ఎర్తు కరెంటు షీల్డు మీదుగా పోతుంది. మిక్సర్ మిగతా రెండు తీగల మధ్య తేడానే వింటుంది. మామూలు ఆర్‌సీఏ నుంచి మోనో జాక్ కేబుల్‌లో ఈ వెసులుబాటు లేదు. ఎడమకు ఒకటి, కుడికి ఒకటి, రెండు కేబుళ్లు కావాలి. హైదరాబాద్‌లో ఉంటే కోఠి గుజరాతీ గల్లీలో ఈ సామానంతా దొరుకుతుంది.

ఈ లావు జాక్‌తో ఒక ప్రమాదం ఉంది. స్టీరియో జాక్, బ్యాలెన్స్‌డ్ జాక్ చూడటానికి అచ్చం ఒకటే. ఒక పెళ్లి మండపంలో ఫోను నుంచి పాటలు పెడితే వాయిద్యాలు వినిపిస్తున్నాయి, గాయకుడి గొంతు మాత్రం ఎక్కడో నూతిలోంచి వచ్చినట్టుంది. ఆపరేటర్ స్పీకర్లు పాడయ్యాయనుకున్నాడు. ఫోను స్టీరియో అవుట్‌పుట్‌ను ఒక్క బ్యాలెన్స్‌డ్ ఇన్‌పుట్‌లో గుచ్చారు. ఎడమలోంచి కుడిని తీసేసి తేడాను ఇవ్వడం ఆ ఇన్‌పుట్ పని. గొంతు రెండు వైపులా సమానంగా ఉంటుంది కాబట్టి మోత పోయినట్టే గొంతూ పోయింది. మీ కేసెట్లు మైకు సెట్టు నుంచి తీసిన మోనో రికార్డింగులైతే ఇలా గుచ్చినప్పుడు దాదాపు మొత్తం కథే మాయమవుతుంది. ఎడమ, కుడి రెండింటినీ ఒకే తీగలో కలపవలసి వస్తే నేరుగా ముడి వేయకండి. రెండు అవుట్‌పుట్లు ఒకదానితో ఒకటి పోట్లాడతాయి. ఒక్కో తీగలో 470 ఓముల రెసిస్టర్ పెట్టి ఆ తర్వాత కలపండి.

లూపును ఇంకే విధంగానూ తెంచలేని చోట ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి. సిగ్నలు అయస్కాంత క్షేత్రంగా దాటుతుంది, రాగి దారి మాత్రం తెగుతుంది. కార్ల స్టీరియో కోసం అమ్మే చిన్న డబ్బాలు కూడా మోతను ఆపుతాయి. కానీ వాటిలో ఇనుము తక్కువ. మృదంగం ఎడమ వైపు లోతైన నాదానికి అవి తట్టుకోలేవు, ఆ నాదం పలచబడుతుంది. పెడితే మంచిది పెట్టండి, లేదంటే మానేయండి.

పొడవు వల్ల పదును పోతుందా అని కూడా అడిగారు. అది తీగ ఒక్కదాని మీద కాక, పంపే పరికరం మీద ఆధారపడుతుంది. షీల్డు కేబుల్‌కు మీటరుకు సుమారు 100 పికోఫారడ్ల కెపాసిటీ (విద్యుత్తును కొద్దిగా నిల్వ చేసుకునే గుణం) ఉంటుంది. 30 మీటర్లకు 3000. పంపే పరికరం అవుట్‌పుట్ నిరోధం 100 ఓములైతే ఈ కెపాసిటీ వల్ల సన్నని పై శబ్దాలకు కోత 530 కిలోహెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది, మన చెవికి ఏ సంబంధమూ లేదు. అదే 10,000 ఓములైతే 5,300 హెర్ట్జ్ దగ్గరే మొదలవుతుంది. చిడతల మెరుపు, గజ్జెల గలగల మొత్తం మసకబారిపోతాయి. డెక్‌కు సాధారణంగా ఈ రెంటి మధ్య ఎక్కడో ఉంటుంది కనుక పొట్టి తీగే క్షేమం.

బంగారు పూతను నేను తీసిపారేయను. కాకినాడ, విశాఖ వంటి ఊళ్లలో సముద్రపు గాలికి మామూలు పిన్నులు నల్లబడి ‘కరకర’ మొదలవుతుంది. బంగారానికి ఆ చిలుము పట్టదు. దాని మేలు అంతవరకే, శబ్దం తీపి కాదు. కేబుల్‌ను నేను చూసే పద్ధతి వేరు. మూత విప్పి టంకం చూస్తాను. నున్నగా తీగలోకి ఒదిగి ఉండాలి. బొట్టులా పైన కూర్చుంటే వేడి చాలలేదన్నమాట, ఆరు నెలల్లో వదులుతుంది. షీల్డు అల్లిక దట్టంగా ఉందా, తీగ బరువు టంకం మీద పడకుండా మూతలో బిగింపు ఉందా చూస్తాను. మీరే చేసుకుంటే రోజిన్ ఉన్న టంకం తీగ వాడండి. కొళాయి గొట్టాలకు వాడే ఆమ్లపు పేస్టు దగ్గరకు రానివ్వకండి, అది రాగిని తినేస్తుంది. కరెంటు తీగల పక్కనే ఆడియో తీగలు కట్టగట్టకండి. జానెడు దూరం ఉంచండి, దాటవలసిన చోట అడ్డంగా దాటించండి. మిగిలిన పొడవును ఛార్జర్ మీద చుట్టలా పడేయకండి.

మోత పోయాక రికార్డింగును 24 బిట్లలో పెట్టి, అత్యధిక శిఖరాలు మైనస్ 12 డెసిబెళ్ల దగ్గర ఉండేట్టు చూసుకోండి. చిడతలు గొంతుకన్నా చాలా పైకి ఎగురుతాయి, మీటరు సూది వాటిని పూర్తిగా చూపించదు. అంతకుముందు డెక్ హెడ్‌ను (టేపును చదివే భాగాన్ని) ఐసొప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. తుడిచాక కూడా చిడతలు మొద్దుగా వినిపిస్తే తప్పు కేబుల్‌ది కాదు. మీ డెక్ హెడ్ కోణం, ఆ కేసెట్ రికార్డు చేసిన డెక్ హెడ్ కోణం కలవడం లేదు. హెడ్ పక్కనున్న చిన్న స్క్రూను ఒక్కో కేసెట్‌కు కొద్దికొద్దిగా తిప్పుతూ, పదును ఎక్కడ ఎక్కువగా ఉందో అక్కడ ఆపాలి. మోత తర్వాత మీకు తేడా తెలిసేది ఇక్కడే. ఎనభై కేసెట్లకూ ఆ ఓపిక పట్టండి, ఎందుకంటే ఇవి మళ్లీ మళ్లీ తిప్పేవి కావు. అన్నిటికన్నా పాతవి, అంటుకుపోతున్నట్టు అనిపించేవి ముందు చేయండి.

ఈ రాత్రికి మాత్రం ఒక్క పనే. ఛార్జర్ లాగి, డెక్‌ను హోమ్ థియేటర్ నుంచి విడదీసి విని, మోత ఏ తీగ తీసినప్పుడు ఆగిందో నాకు రాయండి. మీ మిక్సర్ వెనక సాకెట్ల ఫొటో కూడా పెడితే ఆ కేబుల్ టంకం ఎలా పెట్టాలో గీసి పంపుతాను.